పిడికెడు ముంత

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. దాని మూతికి ఎప్పుడూ ఒక పాత గుడ్డ కట్టి ఉండేది. వంటకు కూర్చునే ముందు, ఆ పూట వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేయాలి. ఇంట్లో గంపెడు గింజలున్నా పిడికెడే, దోసెడున్నా పిడికెడే. అది దేవునిది. నెలకొకసారి, రొట్టె, ద్రాక్షరసంతో సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు, మా పల్లెలోని ఆడవాళ్లంతా తమ తమ ముంతలు చంకన పెట్టుకొని చర్చికి పోయి, అక్కడ పెట్టిన పెద్ద గంపలో ఒంపేవాళ్లు. పాస్టరు అయ్యగారు దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసేవారు. నీళ్లు పారే ఊళ్లలో దీన్ని పిడికెడు బియ్యం అంటారు. మాకు బియ్యం ఎక్కడివి? బనగానపల్లె దగ్గర మాది వట్టి మెట్టపల్లె. జొన్నలు, కొర్రలు, ఏడాది బాగుంటే రెండు కందులు. వరన్నం అంటే పండక్కో, పెండ్లికో. అందుకని మేము బియ్యం మాట ఎత్తకుండా ఉత్త ‘పిడికెడు’ అనేవాళ్లం.

ఇప్పుడు నాకు డెబ్బై దాటినాయి. కర్నూల్లో ఉంటున్నాను. గ్యాసు పొయ్యి, కుక్కరు, మూటల్లో వచ్చే సోనామసూరి. ముంత లేదు. కానీ ఈ మధ్య ఆ ముంత నాకు రోజూ గుర్తుకొస్తోంది. టీవీ పెడితే చాలు, పొద్దున్నే ఒకాయన ఆత్మ గురించి చెప్తాడు, మధ్యాహ్నం ఇంకొకాయన పరలోకం గురించి చెప్తాడు. స్వయంగా చూసొచ్చినట్టే చెప్తారు మహానుభావులు! వినీ వినీ నాకు విసుగొచ్చి కట్టేస్తాను. మనిషి పోయినాక ఏమవుతాడు, ఉన్నవాళ్లం ఏం చేయాలి అనే దాంట్లో నాకు తెలిసినదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం మా జేజి పొయ్యి దగ్గర తెలిసిందే. జేజి అంటే మా నాయన తల్లి.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు, మా చెల్లెలికి మూడు. వరసగా వానలు లేని కాలం. మా నాయన నాపరాళ్ల గనిలో బండలు పగలగొట్టేవాడు, అమ్మ ఆ రాళ్ల ముక్కలు గంపలో ఎత్తి గట్టు మీదికి మోసేది. సాయంత్రం వచ్చి సంగటి కెలికి అందరికీ పెట్టేది. అందరం తిన్నాక కుండ అడుగున మిగిలితే తినేది, మిగలకపోతే నీళ్లు తాగి పడుకునేది. ‘‘నువ్వు తినవా మా?’’ అని అడిగితే ‘‘నాకు ఆకలి లేదులే’’ అనేది. నేను నమ్మినాను. పెద్దవాళ్లకు ఆకలి కాదేమో, అది పిల్లలకే వచ్చే జబ్బేమో అనుకున్నాను.

తర్వాత జ్వరం వచ్చింది. గంజి కూడా లోపలికి పోలేదు. చివరి సాయంత్రం మాత్రం అమ్మ కండ్లు తెరిచి, జేజి వైపు చూసి, ‘‘అత్తా, ఇంత వరన్నం మజ్జిగలో పిసికి పెడితే తినాలనుండాది’’ అంది. ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ తనకోసమని అమ్మ అడిగింది అదొక్కటే అని జేజి తర్వాత చెప్పేది. జేజి కొంగు దోపుకొని పరుగున రెడ్డోళ్ల వీధికి పోయింది. నేను అమ్మ పక్కన కూర్చొని ఆమె చెయ్యి పట్టుకున్నాను. పొద్దు గూకింది. జేజి కొంగులో బియ్యం తెచ్చేసరికి అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది గానీ అమ్మ లేదు.

ఆ బియ్యం ఏమైనాయో ఎవరూ అడగలేదు. అడిగే స్థితిలో ఎవరున్నారు? సమాధుల దిన్నె మీద అయ్యగారు నా తల నిమిరి, ‘‘మీ అమ్మ ప్రభువు దగ్గరికి పోయింది తల్లీ’’ అన్నారు. వచ్చినవాళ్లంతా అదే మాట అన్నారు. పక్కింటి అక్క అయితే పైకి వేలు చూపించి మరీ చెప్పింది. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగా అంటే, మిగతావాళ్లంతా దాన్ని ఓదార్పుగా చెప్పినారు, నేను దాన్ని అడ్రసుగా రాసుకున్నాను.

అమ్మ పోయినాక ముంతలో పిడికెడు వేసే పని జేజి నాకు అప్పజెప్పింది. ‘‘ఇంక మీ అమ్మ చెయ్యి నువ్వే’’ అంది. నేను రోజూ వేసేదాన్ని. వేస్తూ వేస్తూ ఉంటే నాకొకటి తట్టింది. ఈ పిడికెడు దేవునిది. ముంతలు ఒంపినాక అయ్యగారు ప్రార్థన చేస్తే అది దేవునికి చేరుతుందని సండే స్కూల్లో చెప్పినారు. మా అమ్మ ఉండేది ఆ దేవుని దగ్గరే. మరి ఇంకేం కావాల? వరన్నం అడిగి తినకుండా ఆకలితో పోయిన మనిషికి కూడు పంపేదానికి ఇంతకంటే దారి ఏముంది?

పిల్లల బుద్ధి ఒకసారి నడక మొదలుపెడితే మధ్యలో ఆగదు కదా. జొన్నలు పంపితే అమ్మ ఏం చేసుకుంటుంది? అక్కడ తిరగలి ఉందో లేదో. పొయ్యి ఉందో లేదో. ఉన్నా, అంత జ్వరం పడి పోయిన మనిషి విసురుకోగలదా, వండుకోగలదా? అందుకని నేను వండిన కూడే పంపాలని నిర్ణయించుకున్నాను. పిడికెడు గింజలు ముంతలో వేసినట్టు చేసి మళ్లీ కుండలోకే వదిలేసేదాన్ని. రాత్రి కూడు పెట్టినప్పుడు నా కంచంలోంచి ఇంత కొర్రన్నమో, సంగటి ముద్దో చేతిలో దాచుకొని, చెయ్యి కడుక్కునే నెపం మీద పొయ్యి దగ్గరికి పోయి, గుడ్డ వదులు చేసి ముంతలో వేసేదాన్ని. మొదట్లో సగం వేసేదాన్ని. తర్వాత ఎక్కువే వేసినాను. పల్లెలో ఎవరిదో పెండ్లయి, మాకు ఆకులో వరన్నం పెట్టినప్పుడు ఒక్క మెతుకు కూడా తినలేదు. ఆకు మడిచి తెచ్చి మొత్తం ముంతలో ఒంపినాను. ఆ దినం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అమ్మ అడిగింది దొరికింది, ఇంక చేరేది ఒక్కటే తక్కువ.

ఇంట్లో ఎవరికీ తెలియలేదు. జేజికి ముక్కుపొడి అలవాటు, ఆమె ముక్కుకు వాసనలు తెలిసి ఎంతకాలమైందో. ముంత చుట్టూ చీమలు బారులు కడితే పసుపు చల్లింది గానీ గుడ్డ విప్పి చూడలేదు. ముంత దేవునిది, మధ్యలో విప్పి చూసేది మర్యాద కాదని ఆమె లెక్క. నేను మాత్రం చిక్కిపోయినాను. గౌను భుజం మీదినుంచి జారేది. జేజి నన్ను చూసి, ‘‘తల్లి మీది బెంగ, ఏం చేద్దాం’’ అని నిట్టూర్చేది. ఇక నాయన సంగతి చెప్పేదేముంది? పొద్దు పొడవక ముందే గనికి పోయేవాడు, వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేవాడు. అమ్మ పోయినప్పటినుంచి ఆయన ఏడవలేదు, చర్చికి రాలేదు, మాట్లాడినాడంటే నీళ్లు అడిగేదానికే.

సంస్కారపు ఆదివారం వచ్చింది. ఆ పొద్దు నేనే ముందు లేచినాను. తల నేనే దువ్వుకున్నాను. చెల్లెలికి ముఖం కడిగినాను. ముంత నేనే ఎత్తుకుంటానంటే జేజి సరేనంది. అది జొన్నల ముంతకంటే బరువుగా ఉంది. దోవ పొడుగునా దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకొని నడిచినాను. ఆ కొన్నాళ్లలో నేను నవ్వినది ఆ పొద్దే అని జేజి తర్వాత చాలాసార్లు చెప్పింది. చెప్పి ఏడ్చేది.

పాటలైనాయి, వాక్యమైంది. ఆడవాళ్లు వరసగా పోయి ముంతలు ఒంపుతున్నారు. జొన్నలు గలగలమని పడుతున్నాయి. మా వంతు వచ్చింది. జేజి నా చేతిలోంచి ముంత తీసుకొని, గుడ్డ విప్పి, గంపమీద బోర్లించింది. ఏమీ పడలేదు. జేజి ముంత అడుగు తట్టింది. అప్పుడు ఒక్కసారిగా పెద్ద ముద్ద ఊడి గంపలో పడింది. నల్లగా, పచ్చగా బూజు పట్టి, పురుగు పట్టి. ఆ వాసన అవతలి పక్క బండల మీద కూర్చున్న మగవాళ్ల దాకా పోయింది. ‘‘అయ్యో, అందరి గింజలూ పాడాయె గదా!’’ అని ఎవరో అన్నారు. ‘‘దేవుని ముంతలో ఎంగిలి మెతుకులా? ఏం మనుషులు!’’ అని ఇంకొకామె అంది. జేజి ఖాళీ ముంత చేతిలో పెట్టుకొని అట్లే నిలబడింది. ఎప్పుడూ ఎవరి దగ్గరా మాట పడని మనిషి. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది గానీ, అప్పుడు కూడా నాకు ఏం జరిగిందో అర్థం కాలేదు.

సంఘపెద్ద ఒకాయన గబగబా వచ్చి, పైన పడిన ముద్దను చేటతో ఎత్తి బయటికి తీసుకుపోయి చర్చి గోడ అవతల కోళ్లకు విసిరేసినాడు. అది అర్థమైంది. నేను పరుగెత్తినాను. ‘‘పారెయ్యద్దు! పారెయ్యద్దు పెద్దయ్యా! అది మా అమ్మది! మా అమ్మకు పంపిస్తాండా!’’ అని అరుస్తూ కోళ్లను చేతులతో తోలి, మట్టిలో పడిన కూడును గౌనులోకి ఏరుకుంటున్నాను. అంతమంది బయటికి వచ్చి చూస్తున్నారు.  ఎంగిలి అన్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది. ఆ పెద్దాయన చేట అక్కడే పడేసి, నా పక్కన గొంతుకూర్చొని, ఏం చేయాలో తెలియక తానూ ఏరడం మొదలుపెట్టినాడు. మంచి మనిషి. ఆయన ఏరి నా గౌనులో వేయడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

అయ్యగారు వచ్చి నా ముందు వంగినారు. ‘‘మీ అమ్మకు అక్కడ ఆకలి ఉండదమ్మా. అక్కడ ఎవరికీ ఆకలి ఉండదు’’ అన్నారు. నేను తలెత్తి, ‘‘అయితే ఈడున్నప్పుడు ఏంటికి ఆకలేసింది అయ్యగారూ?’’ అని అడిగినాను. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని.  ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ నిమిషంలో ఏదో ఒకటి చెప్పేయకుండా ఊరికే ఉన్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

జేజి ఒక చంకన చెల్లెల్ని, ఇంకొక చేత్తో నన్ను పట్టుకొని ఇంటికి తెచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తిట్టలేదు. వాకిట్లో నాపబండల మీద నన్ను కూర్చోబెట్టి, నా గౌనులోని ఆ కూడును ఒక మూలకు ఒంపి, నా చేతులు బూడిదతో రుద్ది కడిగింది. తర్వాత ముంతను తోమడం మొదలుపెట్టింది. తోముతూనే, తల ఎత్తకుండా, ‘‘ఎన్నాళ్లనుంచి మే?’’ అంది. చెప్పినాను. తిరగలి సంగతి, పొయ్యి సంగతి, పెండ్లి ఇంటి వరన్నం సంగతి, అంతా చెప్పినాను. చెప్పి, అన్నాళ్లూ ఎవరినీ అడగనిది అడిగినాను. ‘‘మా అమ్మ యాడుండాది జేజీ?’’

జేజి తోమడం ఆపింది. మా పల్లెలో ఆమెకంటే భక్తి ఉన్న మనిషి లేదు. చదువు రాకపోయినా పాటలన్నీ నోటికి వచ్చు. ఆమె కూడా పైకి వేలు చూపిస్తుందనే అనుకున్నాను. ఆమె ముంతను పక్కన పెట్టి, ‘‘నాకు తెలీదు పాపా’’ అంది.

నేను నమ్మలేకపోయినాను. ‘‘అయ్యగారికి తెలుసు గదా?’’

‘‘ఆయప్పకూ తెలీదు. ఆయప్ప నమ్ముతాండాడు. నేను గూడా నమ్ముతాండా. నమ్మేది వేరే, చూసేది వేరే. చూసొచ్చి చెప్పినోళ్లు ఎవురూ లేరు మే. మీ అమ్మ బాగుండాదని నేను దినామూ అనుకుంటా. అనుకోకపోతే నా గుండె ఆగిపోతాది. కానీ తెలుసా అని నువ్వు అడుగుతాండావే, తెలీదు. నీకు అబద్ధం చెప్పలేను.’’

ఆ మాట వింటే మీకు క్రూరంగా అనిపిస్తుందేమో. నాకు అట్లా అనిపించలేదు. అన్నాళ్లూ అందరూ చెప్పిన అందమైన మాటల మధ్య నేను ఒంటరిగా ఉన్నాను. వాళ్లకంతా తెలుసు, నాకు ఒక్కదానికే తెలియదు అనుకొని, వాళ్ల మాట పట్టుకొని నా కూడు నేను మానుకున్నాను. ఇప్పుడు నాలాగే తెలియని మనిషి ఇంకొకరు దొరికినారు. అదీ మా జేజి. నేను ఆమె ఒళ్లో ముఖం పెట్టి, అమ్మ పోయినాక మొదటిసారి గట్టిగా ఏడ్చినాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు.

ఏడుపు తగ్గినాక జేజి లేచి లోపలికి పోయింది. ఆమెకొక రేకుపెట్టె ఉండేది. పెండ్లినాటి చీర, మా తాత కండువా, చదవడం రాకపోయినా గుడ్డలో చుట్టి పెట్టుకున్న బైబిలు, అంతే ఆమె ఆస్తి. దాని అడుగునుంచి ఒక చిన్న మూట తీసి తెచ్చి నా ముందు విప్పింది. బియ్యం. పాతబడి, అక్కడక్కడ పురుగు పట్టిన బియ్యం.

‘‘ఆ పొద్దు తెచ్చినవి’’ అంది జేజి. ‘‘రెడ్డిగారింట్లో పంక్తి నడుస్తాండె. వాళ్లు తినేదయ్యేదాకా వాకిట్లో నిలబడమన్యారు. నిలబడితి. లోపలికి కేక వేసి, నా కోడలు పోతాంది, ముందు పెట్టండి తల్లీ అని అడుగుండచ్చు. నోరు రాలేదు. నిలబడే అలవాటు గదా మనకు, నిలబడితి.’’ ఆమె బియ్యాన్ని వేళ్లతో కదిలించింది. ‘‘వండలేను, పారెయ్యలేను, ముంతలో వెయ్యలేను. దినామూ పెట్టె తీసి చూసుకుంటి. యాడనో ఒక తావు పెట్టుకుంటే మీ అమ్మకు పెట్టినట్టే ఉంటాదని. నువ్వు ముంతలో దాస్తివి, నేను పెట్టెలో దాస్తిని. మన ఇద్దరికీ బుద్ధి ఒకటే మే.’’

అప్పుడు ఆమె నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. తర్వాత చేట తెచ్చి ఆ బియ్యం చెరిగి, పురుగు ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టింది. పక్కింటి అక్క దగ్గర ఇంత మజ్జిగ అడిగి తెమ్మని నన్ను పంపించింది. నేను మజ్జిగ తెచ్చేసరికి వరన్నం ఉడికే వాసన వాకిలి దాకా వచ్చింది. పాత బియ్యమైనా ఆ వాసన ఏం వాసనో! చెల్లెలు పొయ్యి ముందు కూర్చొని చప్పట్లు కొడుతోంది.

ఎక్కడినుంచి వచ్చినాడో మా నాయన వచ్చి గడప దగ్గర నిలబడినాడు. కుండ వైపు చూసినాడు, తల్లి ముఖం వైపు చూసినాడు. ఆయనకు అర్థమైపోయింది. ఆ బియ్యం ఏవో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ‘‘కూర్చో నాయనా’’ అంది జేజి. ఆయన వచ్చి కూర్చున్నాడు.

జేజి నాలుగు కంచాలు పెట్టింది. అన్నం కొంచెమే, నలుగురికీ సమంగా వేసి మజ్జిగ పోసింది. నేను నా కంచం చూసుకొని, అలవాటు కొద్దీ, ‘‘నాకు ఆకలి లేదు, చెల్లెలికి పెట్టు’’ అన్నాను.

అంతవరకు నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్కసారిగా గట్టిగా అరిచింది. ‘‘ఆ మాట ఇంకొకసారి అన్యావంటే నాలిక కోస్తా! మీ అమ్మ ఆ మాట అనే పోయినాది. ఈ ఇంట్లో ఇంక ఎవురూ ఆకలి లేదని అబద్ధం చెప్పగూడదు. నువ్వు గాదు, నేను గాదు, మీ నాయన గాదు. ఉంటే అందరం తిందాం, లేకుంటే అందరం పస్తుందాం. ఆడ మీ అమ్మకు ఎవురు పెడతాండారో నాకు తెలీదు. ఈడ నీకు పెట్టాల్సింది నేను. అది మాత్రం తెలుసు.’’

అని, నా కంచంలోంచే ఒక ముద్ద కలిపి నా నోటికి పెట్టింది. మింగుడు పడలేదు. అమ్మ అడిగిన అన్నం నేను తింటున్నాననే దిగులు. జేజి నా వీపు నిమురుతూ, మింగేదాకా కాచుకొని ఉంది. తర్వాత తానూ ఒక ముద్ద తినింది. నాయన తల వంచుకొని తింటున్నాడు. సగంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. భుజాలు కదిలినాయి. ఆయన ఏడుపు శబ్దం నేను వినడం అదే మొదలు. చెల్లెలికి ఇవేవీ పట్టలేదు. మజ్జిగన్నం మూతికంతా పూసుకొని ఇంకా పెట్టమని కంచం ముందుకు తోస్తోంది.

ఆ తర్వాత జేజి ముంత ఎండబెట్టి, గుడ్డ ఉతికి కట్టి, మళ్లీ పొయ్యి పక్కనే పెట్టింది. ఆ సాయంత్రం వంటకు ముందు పిడికెడు జొన్నలు నన్నే వేయమంది. ఇది అమ్మకు పోదని నాకు తెలిసిపోయింది కదా, మరి ఎందుకు వేయాలని అడిగినాను. మా పల్లెలో దిక్కులేని ముసలివాళ్లు ఉన్నారు కదా, గంపలోని గింజలు వాళ్లింటికి పోతాయని, మా తాత పోయినప్పుడు చంటిబిడ్డగా ఉన్న మా నాయనను బతికించింది కూడా ఆ గంపేనని చెప్పింది. ‘‘ఎవురెవురి పిడికెళ్లో తిని పెరిగినాడు మీ నాయన. వాని కండంతా ఈ పల్లెదే’’ అంది. నేను నాయన చేతుల వైపు చూసినాను. బండలు పగలగొట్టి కాయలు కాసిన చేతులు. వాటిలో ఎంతమంది ఆడవాళ్ల పిడికెళ్లు ఉన్నాయో అనుకుంటే నాకు వింతగా అనిపించింది. నా చేతులు కూడా చూసుకున్నాను.

నేను పెద్దయి నర్సు పని చేసినాను. ఆసుపత్రిలో ఎందరినో సాగనంపినాను. మంచం పక్కన నిలబడి ‘‘సిస్టరమ్మా, మా బిడ్డ ఇప్పుడు యాడుంటాది?’’ అని అడిగిన తల్లులున్నారు. పెద్ద మాటలు చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు. ‘‘నాకు తెలీదమ్మా’’ అనేదాన్ని. అని వెళ్లిపోకుండా వార్డు బయట బెంచీ మీద వాళ్ల పక్కనే కూర్చునేదాన్ని, క్యాంటీనునుంచి రెండు ఇడ్లీలు తెప్పించి బలవంతంగా తినిపించేదాన్ని. తోటి నర్సులు నన్ను మొరటు మనిషి అనేవాళ్లు. అననీ. నేను ఇప్పటికీ చర్చికి పోతాను, ప్రార్థన చేస్తాను, అమ్మ బాగుండాలని ఇప్పటికీ అడుగుతాను. నమ్ముతాను. తెలుసు అని మాత్రం అనను.

ఇప్పుడు ఆ ముంత రోజూ ఎందుకు గుర్తుకొస్తోందో చెప్తాను. మా చెల్లెలు భర్త పోయినప్పటినుంచి నా దగ్గరే ఉంటోంది. దానికి మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట కళ్లద్దాలు మర్చిపోయింది, తర్వాత పొయ్యి ఆర్పడం మర్చిపోయింది, ఇప్పుడు నన్ను మర్చిపోయింది. ‘‘ఎవురమ్మా నువ్వు?’’ అని మర్యాదగా అడుగుతుంది. నేను చేత్తో ముద్దలు పెట్టి పెంచిన పిల్ల అది. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఏదో తెగిపోయినట్టుంటుంది, ఎన్నిసార్లు విన్నా అలవాటు కాలేదు.

విచిత్రమేమంటే, మంచిగున్నన్నాళ్లూ అది అమ్మను ఎప్పుడూ అడగలేదు. మూడేళ్లప్పుడు పోయిన అమ్మ ముఖం దానికి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు మాత్రం పొద్దు వాలితే చాలు, గేటు వైపు చూస్తూ, ‘‘మా అమ్మ యాడికి పోయినాది? ఇంకా రాలేదే?’’ అని మొదలుపెడుతుంది. పనికి వచ్చే అమ్మాయి, ‘‘బజారుకు పోయింది, వస్తుందని చెప్పు పెద్దమ్మా, ఊరుకుంటాది’’ అని సలహా ఇచ్చింది. ఒకసారి అట్లే చెప్పినాను. ఆ సాయంత్రమంతా అది గేటు పట్టుకొని నిలబడింది. కూటికి పిలిస్తే రాలేదు. అమ్మ వచ్చినాక తింటానంది. ఆ నిలబడడం చూస్తే నాకు రెడ్డిగారి వాకిట్లో జేజి కనబడింది. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది.

మొన్న మళ్లీ అడిగింది. ఈసారి దాని పక్కన మంచం మీద కూర్చొని, ‘‘నాకు తెలీదు మే’’ అన్నాను. అది నా వైపు తిరిగింది. ఏడుస్తుందని భయపడినాను. ఏడవలేదు. ‘‘నీకు గూడా తెలీదా?’’ అంది. ‘‘నాకు గూడా తెలీదు’’ అన్నాను. ‘‘పాపం’’ అని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నేనెవరో తెలియకుండానే నన్ను ఓదార్చింది నా చెల్లెలు.

కొంచెంసేపయినాక లేచిపోయి అన్నంలో మజ్జిగ పోసి కలిపి తెచ్చినాను. కంచం చేతికిస్తే తీసుకొని, ఒక ముద్ద నోటి దగ్గరికి తీసుకుపోయి ఆగింది. ‘‘నువ్వు తిన్యావా?’’ అని అడిగింది. నిజం చెప్పాలంటే ఈ దిగులుతో నాకు కొన్నాళ్లనుంచి కూడు సయించడం లేదు. దానికి పెట్టడం, నేను నీళ్లు తాగి పడుకోవడం. ఆకలి లేదు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

వంటింట్లోకి పోయి ఇంకొక కంచం తెచ్చుకొని దాని పక్కన కూర్చున్నాను.